చుట్ట కాల్చినోడు

ఎమిలీ సిస్టరు సంతకం పెడితే రాజశేఖర్ సినిమా బయటికి వస్తుంది. పెట్టకపోతే అందులో ఒక షాటు తీసేయాలి. ఆ షాటు తీసేశాక మిగిలేది సినిమా కాదని రాజశేఖర్ నమ్మకం.

ఆ సంతకం కోసమే పొద్దున్నే హౌరాలో లోకల్ ఎక్కి ఖరగ్‌పూర్ వచ్చాడు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో ప్లాస్టిక్ కవరులో సంతకం పెట్టాల్సిన కాగితం. అక్కడి రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగినవాడే. తండ్రి తాతబాబు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళున్న క్వార్టరులో ఇప్పుడెవరో బెంగాలీవాళ్ళు ఉంటున్నారు. గుమ్మం ముందు వాళ్ళ పిల్లాడి సైకిలు పడుంది. దాన్ని చూస్తే ఏదో ఒకటి అనిపించాలనుకుని ఒక క్షణం ఆగాడు. మోకాలు నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. మళ్ళీ నడిచాడు.

పాతికేళ్ళుగా అతనిది ఒకటే వ్యాపారం. జనం తల తిప్పుకునే చోటికి కెమెరా తీసుకెళ్ళి, తిప్పుకున్న తలని మళ్ళీ ఇటు తిప్పించడం. మొదటి సినిమా కబేళా మీద. తర్వాతిది శవాలగదిలో పనిచేసేవాళ్ళ మీద. ఒకదానికి హాలు అద్దాలు పగిలాయి, ఇంకోదానికి అతని మొహాన సిరా పడింది. హాల్లోంచి మధ్యలో లేచిపోయేవాళ్ళని చూస్తే వయసులో ఉన్నప్పుడు పొంగిపోయేవాడు. ఇప్పుడు వాళ్ళు లేస్తుంటే, వీళ్ళకి బస్సు దొరుకుతుందో లేదో అనిపిస్తోంది. కమిటీల ముందు కూర్చోవడం, వాళ్ళు కట్ అన్నచోట వీల్లేదనడం, కోర్టుకి వెళ్ళడం, ఛానల్లో గొంతు చించుకోవడం అన్నీ అలవాటైపోయాయి. అలవాటైన కోపం కోపంలా ఉండదు, ఆఫీసుకి వెళ్ళినట్టుంటుంది.

ఈ సినిమా పేరు ‘పేరు లేనోళ్ళు’. రైలు కింద పడి చచ్చినవాళ్ళని పట్టాల మీంచి ఎత్తే మనుషుల గురించి. ఇందులో తవిటయ్య అనే ముసలాయన ఉన్నాడు. పోలీసులు కబురు పెడితే వెళ్ళి శవాలు ఎత్తుతాడు. ఎవరిదో తెలియని శవాన్నైనా సరే, బండి దాకా మోసుకెళ్ళే దారిలో ఒకచోట దింపుతాడు. పాడెను శ్మశానానికి మోసే దారిలో దింపి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారే, ఆ దింపుడు కళ్ళం. ఎక్కడైనా కాస్త ప్రాణముంటే పిలుపు విని లేస్తారని ఆశ. చక్రాల కింద నలిగినవాడికి ప్రాణమెక్కడిది? అయినా తవిటయ్య వంగి, చెవి దగ్గర నోరు పెట్టి పిలుస్తాడు. రాజశేఖర్ కెమెరా ఆ చచ్చినవాడి మొహం మీద, ముసలాయన పెదాల మీద కదలకుండా నిలబడింది. సెన్సారు కమిటీ పట్టుకున్నది ఆ షాటునే.

ఎవరో ఫిర్యాదు చేశారని మాత్రమే మొదట తెలిసింది. ఎవరో తెలియనప్పుడు కోపం సుఖంగా ఉంటుంది. నిజాన్ని నొక్కేసే చీకటి శక్తులు తన వెంటబడ్డాయని రాజశేఖర్ ప్రతి మైకు ముందూ చెప్పాడు. క్రితం వారం లాయరు ఇందు ఫోన్ చేసింది. ఆమెదీ ఖరగ్‌పూరే, మలంచా పేట. అన్నా అని పిలుస్తుంది.

“అన్నా, ఫిర్యాదు ఏ పార్టీవాళ్ళదీ కాదు. మీ ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆవిడే. ఎమిలీ అట, రైల్వే నర్సుగా చేసి రిటైరైందట. ఆ శవం ఆవిడ తమ్ముడిదట.”

రాజశేఖర్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

“ఆవిడకి అభ్యంతరం లేదంటే షాటు ఉంచుకోమన్నారు. ఉందంటే తీసేయమన్నారు. న్యాయంగానే ఉంది అన్నా. నువ్వే వెళ్ళి మాట్లాడు.”

న్యాయంగానే ఉండడం అతనికి మరీ ఇబ్బందిగా ఉంది.

ఎమిలీ వరండాలో ముక్కాలి పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చీర కుచ్చిళ్ళు మాత్రం డ్యూటీకి వెళ్ళబోతున్నట్టు చక్కగా ఉన్నాయి.

“అక్కా, నేను. రాజశేఖర్ని. ఫిట్టరు తాతబాబు కొడుకుని.”

“తెలుసులే. టీవీలో అరుస్తావు కదా, సూస్తానే ఉంటాను. కూసో. ఆ కుర్సీ కాదు, దాని కాలు ఊగుతాది. ఇలా రా.” రొయ్య తల తుంచి పక్కన పడేసింది. “మొన్న ఏదో అన్నావు. నీ వెనక సీకటి శక్తులు పని సేస్తన్నాయని.”

“అది... అక్కా...”

“ఆ సీకటి శక్తిని నేనే. టీ తాగుతావేటి?”

రాజశేఖర్‌కి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. తాగుతానన్నాడు. ఆమె లోపలికి కేకేసింది. అన్న కూతురు జెనీ టీ తెచ్చిచ్చి, ఇతనివంక ఒక చూపు చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

“దాని ఫోన్లోనే సూసినాను,” అంది ఎమిలీ. “మన సర్చి గ్రూపులో ఎవులో పంపించినారు. పిల్లలకి సూపించకండి అని కింద రాసి మరీ పంపించినారు. నీ సినిమా అడవర్టైజుమెంటు. ఏదో డప్పు మోగతంది, ఆడి మొకం వచ్చింది. మొకం కన్నా ముందు సెయ్యి. పాంట్రీ కారులో నూనె తిరగబడి కాలిన సెయ్యి. దానికి కట్టు కట్టింది నేనే కదా, ఎక్కడున్నా పోల్సుకుంటాను.”

తమ్ముడు రిచర్డ్ పాంట్రీ కారులో వంటవాడు. నెలల తరబడి రైళ్ళలోనే తిరిగేవాడు. ఉద్యోగం పోయాక కూడా ఆ తిరుగుడు పోలేదు. చెప్పకుండా బండెక్కి వెళ్ళిపోవడం, ఎప్పుడో వచ్చి పెరటి తలుపు కొట్టడం. అందుకే ఈసారి రాకపోయినా ఎవరూ వెతకలేదు. విశాఖలో ఉన్నాడనుకున్నారు. ఇక్కడ గేటు దగ్గర పట్టాల మీద పడ్డాడని, నోటీసుకి ఎవరూ రాకపోతే దిక్కులేనివాడిగా కాల్చేశారని ఎవరికి తెలుసు?

“ఎప్పుడో ఒకప్పుడు తలుపు కొడతాడు అనుకున్నాను. కొట్టినాడు. ఫోన్లో కొట్టినాడు.”

“అక్కా, నాకు ఒక్కమాట చెప్పుంటే...”

“నీకా? నువ్వెక్కడుంటావో నాకేటి తెలుసు? ఎవులకి సెప్పాలో జెనీ సూసి పెట్టింది, ఆలకే సెప్పినాను. ఆలు మర్యాదగానే మాటాడినారు, అబద్దమెందుకు.”

టీ చల్లారుతోంది. రాజశేఖర్ కవరు బయటికి తీశాడు. ఇన్నేళ్ళుగా ఇలాంటి చోట చెప్పే మాటలు నాలిక మీద ఎప్పుడూ తయారుగానే ఉంటాయి.

“అక్కా, రోజూ ఎవరో ఒకరు ఇలా పోతున్నారు. మనం కిటికీలోంచి అటు చూస్తూ వెళ్ళిపోతున్నాం. ఇది చూపించాలి. చూస్తేనే జనం కళ్ళు తెరుస్తారు.”

“తెరిసి?”

“అంటే...”

“తెరిసి ఏటి సేస్తారు అని అడుగుతున్నాను. నా కల్లు తెరిసే ఉన్నాయి. ఏటి సేయమంటావు?”

కమిటీల్లో పెద్ద పెద్దవాళ్ళు ఈ ప్రశ్నే ఇంగ్లీషులో అడిగారు. ఇంగ్లీషులోనే బదులిచ్చాడు. ఇక్కడ రొయ్యల పొట్టు పక్కన కవరు పెట్టి, చల్లారిన టీ తాగేశాడు.

ఎమిలీ చేతులు తుడుచుకుంది. “నేను సూసింది ముక్క. మొత్తం సూపించు.”

“వద్దులే అక్కా. నువ్వు చూడలేవు.”

అన్నాక నాలిక కరుచుకున్నాడు. ‘ప్రజలు చూడలేరండీ’ అని ఎంతమంది కుర్చీల్లో కూర్చుని తనతో అన్నారు! ఎంతమంది మీద బల్ల గుద్దాడు!

“నువ్వు కూడా సెన్సారేనా?” అంది ఎమిలీ. “నా సర్వీసంతా పుల్లు కడిగి, కట్లు కట్టినాను రా. రైలు కింద పడినోల్లని స్ట్రెచర్ మీద తెస్తే, నీలాటి మగోల్లు గోడెనక కక్కుకుంటంటే నేను పట్టుకున్నాను. సూపించు. ఉండు, కల్లజోడు తెచ్చుకుంటాను.”

లాప్‌టాప్ వరండా గట్టు మీద పెట్టాడు. సబ్బు వాసన వేసే చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా నిటారుగా కూర్చుని చూసింది. పట్టాలు. కంకర. ముందు తవిటయ్య, వెనక ఇంకొకడు, మధ్యలో గోనెపట్టా. పట్టాల కింద వేసే పాత స్లీపర్ల దొంతర పక్కన దింపారు. తవిటయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, వంగి, పట్టా జరిపాడు. రిచర్డ్ మొహం. ఎమిలీ కదలలేదు. అడ్వర్టైజుమెంటులో ఇక్కడ డప్పు మోగింది. అసలు సినిమాలో డప్పు లేదు. ముసలి గొంతొకటే.

“అప్పన్నా... ఓ అప్పన్నా... లెగు అప్పన్నా...”

“ఆగు,” అంది ఎమిలీ. “ఆపు. ఏటన్నాడు ఆడు?”

“అది దింపుడు కళ్ళం అక్కా. చెవిలో పేరు పెట్టి...”

“అది నాకు తెలుసు. ఏ పేరెట్టినాడు?”

“అప్పన్న.”

ఆమె కళ్ళజోడు తీసింది. రాజశేఖర్ ఏడుస్తుందనుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగలేక నవ్వుతోంది. తర్వాత ఎక్కడో ఆ నవ్వు అడుగు జారింది.

“మా నాన్న పాస్టరుగారి సుట్టూ తిరిగి ఎట్టించినాడురా ఆ పేరు. రిచర్డని. సివరాకరికి అప్పన్నయి పోనాడా? అందుకే లెగలేదు. ఇంకెవులినో పిలస్తన్నారనుకున్నాడు.” కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. “ఆ ముసలోడు ఎక్కడుంటాడు?”

“పూరీ గేట్ దగ్గర. ఎందుకక్కా?”

“జెనీ, ఈ రొయ్యలు ఫ్రిజ్జిలో ఎట్టు. పదరా.”

“మరి ఈ కాగితం?”

“అదెక్కడికీ పోదులే. పద.”

బ్యాటరీ రిక్షా టోటోలో వెళ్ళారు. గుంతలొచ్చినప్పుడల్లా ఎమిలీ “దాదా, ఆస్తే చలో” అని డ్రైవర్ని నెమ్మదిగా పొమ్మంది.

తవిటయ్య గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాజశేఖర్ని చూసి ముందు నవ్వాడు. వెనకున్న ఆమె ఎవరో చెప్పగానే నవ్వు పోయింది. లేచి తలగుడ్డ తీశాడు, చచ్చినవాళ్ళ ముందు తీసినట్టే.

“తప్పయిపోనాది తల్లీ. నానేటి సేసేది? ఆడి జేబులో కాయితం ముక్క నేదు. సుట్ట ఉన్నాది. సగం కాల్సిన సుట్ట. బెంగాలోడైతే బీడీ ఉంటాది కదా? సుట్ట కాల్చినోడు మనోడే అనుకున్నాను. మనోడైతే మరేటి, అప్పన్నే అయుంటాడు. మావోల్లలో ఇంటికొక అప్పన్న ఉంటాడు.”

“సుట్టా?” అంది ఎమిలీ. “రిచర్డ్ సుట్ట కాలుస్తాడా?”

తవిటయ్య తలూపాడు.

“నా దగ్గర దాసినాడన్న మాట. పెరట్లో కంపు కొడితే పక్కింటోల్లని తిట్టినాను కదరా ఇన్నాల్లూ.”

లోపల్నుంచి తవిటయ్య పెళ్ళాం దాలమ్మ చాప తెచ్చి పరిచింది. “కూకో తల్లీ. ఈడింతే. సచ్చినోలందరికీ పేర్లెడతాడు. బెంగాలోడైతే దాదా అంటాడు, ఒరియావోడైతే భాయినా అంటాడు. నన్ను మాత్రం పెల్లయిన కాడినుంచీ ఒసే అంటాడు. ఒక్కసారీ పేరెట్టి పిలిసినోడు కాడు.”

“సచ్చినాక పిలుస్తాను లేయే.”

“అప్పుడు లెగుస్తాననుకున్నావా? లెగను గాక లెగను.”

ఎమిలీ చాప మీద కూర్చోలేదు. “బాబూ, మాకు ఈ ఆచారం నేదు,” అంది తవిటయ్యతో. “మాలో పిలవరు. ప్రార్ధన సేసి మట్టి ఇస్తారు. ఆడికి మట్టీ నేదు, ప్రార్ధనా నేదు. ఉన్నదల్లా నువ్వు పిలిసిన పిలుపొకటే. నాకు నీ మీద కోపమేటీ నేదు. కానీ పిలవడమంటూ పిలిసినాక ఆడి పేరుతో పిలవాలి కదా? నన్ను అక్కడికి తీసుకెల్లి మళ్ళీ పిలు.”

తవిటయ్య రాజశేఖర్‌వంక చూశాడు. “మళ్ళీ షూటింగా బాబూ?”

రాజశేఖర్ ఎమిలీవంక చూశాడు. ఆమె చెప్పులు వేసుకుంటోంది.

స్లీపర్ల దొంతర ఇంకా అక్కడే ఉంది, మధ్యలో పిచ్చిమొక్కలు మొలిచాయి. మధ్యాహ్నపు ఎండకి కంకర వేడెక్కింది. తవిటయ్య చోటు చూపించాడు. చూడ్డానికక్కడ ఏమీ లేదు, నేల ఉంది. ముసలాయన వంగి, ఎవరో పడుకున్నట్టే చెయ్యి కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“ఓ రిచ్చాటూ...”

“రిచర్డ్,” అంది ఎమిలీ. “పోనీలే, ఇంట్లో రిచ్చీ అనేవోలం. రిచ్చీ అను.”

“ఓ రిచ్చీ బాబూ...”

అంతలో గూడ్సు వచ్చింది. దాని చప్పుడులో ఎవరి మాటా వినపడదు. ముగ్గురూ ఆగారు. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, తోక కనపడకుండా వస్తూనే ఉన్నాయి. తవిటయ్య వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. చెవి ఎక్కడుంటుందో అక్కడే నోరు పెట్టి, బండి పోవాలని ఎదురుచూస్తున్నాడు. ఎమిలీ చీర చెంగు గాలికి ఎగురుతోంది. ఆమె వెనక నల్లగా కదిలే వ్యాగన్లు.

రాజశేఖర్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఫోను చేతికి తగిలింది. అతనేమీ అనుకోకుండానే వెళ్ళింది, దురద పుట్టినచోటికి వెళ్ళినట్టు. ఇంతకంటే మంచి షాటు తన జన్మలో దొరకదు. ఎడమవైపు నించి, మోకాలి ఎత్తులో... ఎమిలీ ఇటు తిరిగింది. అతని జేబువంక చూసింది. వద్దనలేదు, తీయమనలేదు. మళ్ళీ అటు తిరిగిపోయింది. అతని చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

చివరి పెట్టెలోంచి గార్డు వీళ్ళకి చెయ్యి ఊపాడు. చప్పుడు సన్నబడింది.

“మూడోది నువ్వే పిలు తల్లీ,” అన్నాడు తవిటయ్య లేచి, నడుం పట్టుకుని. “అయినోలు పిలవాల. నాను ఎవులూ నేకే పిలిసినాను.”

ఎమిలీ వంగలేకపోయింది. స్లీపరు మీద చెయ్యి ఆనించి, కొంచెం ముందుకు వాలింది. పెరటి గుమ్మంలో నిలబడి కేకేసినట్టు, కోపంగానే పిలిచింది.

“రిచ్చీ! ఆ సుట్ట పారేసి రారా.”

కాసేపు ముగ్గురూ నిజంగానే చూశారు. తర్వాత ఎమిలీ స్లీపరు మీద కూర్చుని, చెయ్యి చాపింది. “ఇలా ఇయ్యి నీ కాయితం. పెన్ను ఉన్నాదా?”

“ఇప్పుడు వద్దులే అక్కా.”

“ఇప్పుడే. ఇంటికెల్తే రొయ్యలున్నాయి.” చదవకుండానే పెట్టింది, గుండ్రంగా, తప్పు లేకుండా. “ఇందులో నాకు అభ్యంతరం నేదనే కదా ఉన్నాది? నేదు. రాసిచ్చినాను.”

“అక్కా, నిజంగా నీకు... అంటే, ఉంచేయమంటావా?”

“అది నన్నడక్కు.” పెన్ను మూత పెట్టి ఇచ్చింది. “నేను ఆపితే నీకు సుకం రా. ఎమిలీ ఆపింది, దేశం ఆపింది అని ఇంకో పాతికేల్లు అరుస్తావు. నేను ఆపను. ఆలూ ఆపరు. ఆడి మొకం నీ సేతిలో ఉన్నాది, ఆడి పేరు కూడా తెలుసు నీకు. నీ ఇష్టం.”

అతను ఇంటిదాకా వస్తానన్నాడు. వద్దంది. తవిటయ్య టోటో పిలిచి ఎక్కించాడు. ఎక్కుతూ ఆమె ముసలాయన్ని అడగడం వినపడింది: “ఆ సుట్ట ఏటి సేసినావు బాబూ?” “ఆడితోటే ఎట్టేసినాను తల్లీ,” అన్నాడతను. “పోనీలే,” అందామె.

ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద రాజశేఖర్ లాప్‌టాప్ తెరిచాడు. సాయంత్రం లోకల్ ఇంకా రాలేదు. షాటు దగ్గరికి వచ్చి ఆగాడు. మొహం. పెదాలు. అప్పన్నా. ఇన్నాళ్ళూ ఈ షాటుని పేరులేనివాడి షాటు అని చూశాడు. ఇప్పుడెంత చూసినా పెరట్లో దొంగచాటుగా చుట్ట కాల్చి, అక్కకి దొరక్కుండా నోరు పుక్కిలించుకునే మనిషే కనపడుతున్నాడు.

మొహం తీసేసి తెర నల్లగా వదిలేస్తే? నలుపులో ముసలాయన గొంతొకటే. హాలు హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. చూపించినదానికన్నా గట్టిగా తగులుతుంది. ఆ ఆలోచన వచ్చిన వేగం చూస్తే అతనికే నీరసం వచ్చింది. కాగితం మీద ఆమె సంతకం ఆరకముందే తన బుర్ర లెక్కలు కడుతోంది. ఈ బుర్రని ఎవరు సెన్సారు చేస్తారు?

షాటు మొత్తం తీసేశాడు, గొంతుతో సహా. అటూ ఇటూ ఉన్న ముక్కలు వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. పట్టాలు, వెంటనే తవిటయ్య గుమ్మంలో అన్నం తింటూ. అతుకు వికారంగా ఉంది. సరిచేసే ఓపిక లేక అలాగే వదిలేశాడు. అడ్వర్టైజుమెంటు కూడా నెట్‌లోంచి తీసేసి, ఇందుకి ఫోన్ చేశాడు.

“సంతకం పెట్టిందా అన్నా?”

“పెట్టింది.”

“గెలిచాం! ఇన్నాళ్ళకి అన్నా, ఇన్నాళ్ళకి...”

“ఆ షాటు తీసేశాను ఇందూ.”

“ఎవరు తీయమన్నారు?”

“ఎవరూ అనలేదు.”

“మళ్ళీ ఎవరైనా బెదిరించారా? చెప్పు అన్నా, నాతో దాచకు.”

“లేదు. అందరూ నా ఇష్టమే అన్నారు.”

“మరి పేపరువాళ్ళు అడుగుతారు. ఒక్క ఫ్రేము కూడా కోయనని నువ్వే అన్నావు కదా. ఎవరు ఆపారని చెప్పను?”

హౌరా లోకల్ వస్తోందని బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతున్నారు. మూడూ అయ్యేదాకా రాజశేఖర్ ఆగాడు.

“ఎమిలీ అక్క ఆపలేదని చెప్పు. అది చాలు,” అని లాప్‌టాప్ మూసి, బండి ఎక్కడానికి లేచాడు.